ఎండలో మొరాయించి సాయంత్రం లేచే పాత హోండా సిటీ వీటెక్: సమస్య - పరిష్కారం

పొద్దున బండి ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. మధ్యాహ్నం ఎండలో గంటసేపు పెట్టి వచ్చేసరికి సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. పొద్దు వాలాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. 2003కి ముందు వచ్చిన హోండా సిటీలు, అందులోనూ 1.5 వీటెక్‌లు, బెజవాడ, గుంటూరు ఎండలకి చేసే అల్లరి ఇదే. టోచన్ కట్టి ఆటోనగర్ చేర్చేలోపు బండి చల్లబడిపోతుంది, అక్కడ చక్కగా స్టార్టవుతుంది. ఏదో ఒకటి మార్చాలి కాబట్టి ట్యాంకులోని పెట్రోల్ పంపు మారుస్తారు. రెండు వారాలకి మళ్లీ అదే గోల. ఆ తర్వాత ‘ఈసీయూ పోయింది’ అంటారు, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్. దాన్ని ముట్టుకోకండి.

ఎవరూ చేయని చెక్

బండి మొరాయించిన చోటే, మొరాయించిన నిమిషంలోనే చేయాలి. స్టార్టయ్యే బండి మీద ఈ చెక్ దండగ. స్టీరియో, బ్లోయర్ ఆపి, అద్దాలు ఎత్తి, తాళం ఆన్‌లో పెట్టండి. సెల్ఫ్ కొట్టొద్దు. చెక్ ఇంజన్ లైటు వెలిగి సుమారు 2 సెకన్లకి ఆరిపోవాలి. అదే 2 సెకన్లు వెనక నుంచి పంపు ‘జుమ్’మని మోగి ఆగాలి.

లైటు అసలు వెలగలేదంటే, బల్బు బాగుంటే, ఈసీయూకి కరెంటు గానీ ఎర్త్ గానీ అందడం లేదు. లైటు సరిగ్గా వచ్చి పంపు మోగకపోతే రిలేనో (పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్) పంపో. రెండూ బాగుంటే కరెంటు దారి వదిలేసి స్పార్క్ వైపు వెళ్లండి. లైటు ఆరకుండా ఉండిపోతే ఈసీయూలో లోపం నంబరు, అంటే కోడ్, ఉన్నట్టు: డ్యాష్ కింద రెండు పిన్నుల సర్వీస్ కనెక్టర్‌ని చిన్న వైరుతో కలిపి, తాళం ఆన్ చేసి లెక్కపెట్టండి. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. 4, 8, 9 వస్తే డిస్ట్రిబ్యూటర్‌లోని (ప్లగ్గులకి స్పార్క్ పంచే భాగం) సెన్సర్లు, 15 వస్తే ఇగ్నిషన్ సిగ్నల్.

ముందు బ్యాటరీ, ఎర్త్

ఆపిన బండిలో 12.6 వోల్టులు, సెల్ఫ్ కొడుతుంటే 9.6కి తగ్గకుండా ఉండాలి. టెర్మినల్ మీద చిలుము ఉంటే వేడినీళ్లతో కడిగి, బ్రష్ కొట్టి బిగించండి. తర్వాత మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, ఎర్ర వైరు ఇంజన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టుల లోపు ఉంటే సరే, 0.5 దాటితే ఎర్త్ పట్టీ విప్పి శుభ్రం చేయాల్సిందే. మీటరుని ఓమ్స్‌లో పెట్టి ‘కంటిన్యుటీ ఉందండీ’ అనడం పనికిరాదు. ఒక్క తీగ మిగిలినా బీప్ వస్తుంది, ఆ ఒక్క తీగ సెల్ఫ్ కరెంటు మోయదు. థర్మోస్టాట్ హౌసింగ్ మీద బిగించే ఈసీయూ ఎర్త్ బోల్టుని కూడా ఒకసారి విప్పి, గీకి, బిగించండి.

అసలు దొంగ: మెయిన్ రిలే

డ్యాష్‌బోర్డు కింద చిన్న పెట్టె, ఏడు పిన్నులు. లోపల రెండు రిలేలు: ఒకటి ఈసీయూకి, ఇంజెక్టర్లకి కరెంటు ఇస్తుంది, రెండోది ఈసీయూ చెప్పినప్పుడు పంపుకి ఇస్తుంది. కాయిల్ వేడి, పంపు కరెంటు వేడి, పైన డ్యాష్ వేడి. ఏళ్ల తరబడి ఉబ్బి కుంచించుకుని, లావు పిన్నుల చుట్టూ సోల్డర్ సన్నని ఉంగరంలా పగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిన్ను తగులుతుంది, వేడెక్కితే విడిపోతుంది. రోహిణిలో రోళ్లే పగులుతాయంటారు, సోల్డర్ ఎంత!

తేల్చుకోవడం సులువు. మొరాయిస్తున్నప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో రిలే మీద రెండు దెబ్బలు తట్టి తాళం ఆన్ చేయండి. పంపు మోగిందా, దొరికింది. మోగకపోతే పంపు కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టి తాళం ఆన్ చేయించండి: ఆ 2 సెకన్లు ల్యాంప్ వెలిగీ పంపు తిరగకపోతే పంపే పోయింది. ఈసీయూ వైర్ల మీద మాత్రం టెస్ట్ ల్యాంప్ వద్దు, మీటరే.

బాగుచేయాలంటే రిలే విప్పి, డబ్బా గొళ్లాలు మెల్లగా ఎత్తి, బోర్డు కింది వైపు భూతద్దంతో చూడండి. పగులు కనిపించకపోయినా లావు పిన్నులన్నీ చేసేయండి. 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి. రేడియో పనులకి వాడే 25 వాట్లది లావు పిన్నుని వేడెక్కించలేదు. పాత సోల్డర్ పూర్తిగా లాగేసి, రోసిన్ ఫ్లక్స్ పెట్టి, కొత్త 60/40 (తగరం, సీసం) సోల్డర్ పోయాలి. పాతదాన్ని కరిగించి వదిలేస్తే లోపలి మకిలి అలాగే ఉంటుంది, వచ్చే వేసవికి మళ్లీ వస్తారు. రేకు పనుల యాసిడ్ ఫ్లక్స్ పెడితే బోర్డునే తినేస్తుంది.

బిగించాక హెయిర్ డ్రయ్యర్‌తో రిలేని చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, తాళం పదిసార్లు ఆన్ ఆఫ్ చేయండి. పదిసార్లూ పంపు మోగాలి. తొమ్మిదిసార్లు మోగితే పని అవ్వలేదు.

ఇక ‘పంపుకి డైరెక్ట్ ఇచ్చేద్దాం’ అనే సలహా. రిలేని తప్పించి ఫ్యూజు పెట్టె నుంచి వైరు లాగితే బండి నడుస్తుంది, నిజమే. కానీ ఇంజన్ ఆగిన క్షణంలో పంపుని ఆపేది ఈసీయూ, ఆపించేది ఈ రిలే. గుద్దుకుని పైపు తెగితే డైరెక్ట్ పంపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఇంటికి చేరడానికి కూడా ఆ పని చేయొద్దు.

మిగతావి

పంపు మోగుతుంది, సెల్ఫ్ తిరుగుతుంది, ఆర్‌పీఎం ముల్లు మాత్రం కదలదు: డిస్ట్రిబ్యూటర్‌లోని ఇగ్నైటర్, అంటే స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ స్విచ్. ఇదీ వేడికే పోతుంది కాబట్టి రిలేతో పొరబడతారు. తాళాన్ని కాస్త కదిపితే మీటర్ లైట్లు వచ్చిపోతుంటే ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులు. బయట వేయించిన అలారం ఉంటే పంపు వైరుని కోసి కలిపిన టేపు జాయింట్ చూడండి. వాటర్ సర్వీసింగ్ అయిన మర్నాడే మొదలైతే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తడి. ఎలుకలు కొరికిన వైరు బానెట్ ఎత్తగానే కనబడుతుంది. ఈసీయూలో కెపాసిటర్ కారడం ఉంది, అరుదు.