పిల్లాడికి జియస్ వేషం కట్టాలంటే

"అక్కా, మావాడికి స్కూల్లో జ్యూస్ వేషం ఇచ్చారు" అని ఒకావిడ నా కుట్టుమిషను దగ్గరికి వస్తే, "ఏ జ్యూసమ్మా, బత్తాయా, దానిమ్మా?" అని అడిగాను. అంబాజీపేట చుట్టుపక్కల స్కూళ్ళకి పదిహేనేళ్ళుగా కృష్ణుళ్ళనీ అల్లూరి సీతారామరాజులనీ తయారుచేస్తున్నాను గానీ, గ్రీకు దేవుడు నా గుమ్మం తొక్కడం అదే మొదలు. అందుకే ముందు ఈ పని చేయండి. మైకులో పిలిచే టీచరుకి "గ్రీకుల దేవరాజు జియస్" అని కాగితం మీద రాసివ్వండి. లేకపోతే పిల్లాడు స్టేజీ ఎక్కకముందే జనం నవ్వేస్తారు.

ఆ మొదటి వేషం నేనే పాడుచేశాను. దేవరాజన్నారు కదా అని ఇంద్రుడికి కట్టినట్టే కట్టాను. అట్ట కిరీటం, భుజకీర్తులు, ముత్యాల దండలు, కోరమీసం. ముందు వరసలో ఓ ముసలావిడ "యముడొచ్చాడే" అంది. తర్వాత బొమ్మలు వెతికి చూసుకుంటే, ఈయన ఒంటి మీద నగ అన్నదే లేదు. గుడ్డ, గడ్డం, చేతిలో పిడుగు, అంతే.

గుడ్డకి జరీ అంచు నూలు పంచె మంచిది. నేను బండారులంక నేత పంచె వాడతాను, మడతలు నిలుస్తాయి. పాలిస్టరు జారిపోతుంది. తొమ్మిదేళ్ళవాడికి మూడు మీటర్లు చాలు. లోపల నిక్కరూ ఒంటిరంగు బనీనూ వేయండి. యాన్యువల్ డే అంటే మనవాళ్ళు రాత్రి పదింటిదాకా లాగుతారు, జనవరి మంచులో వణికేవాడు పిడుగులేం విసురుతాడు? పంచె ఒక కొసని వెనకనుంచి ఎడమ భుజం మీదుగా ముందుకి, బొడ్డుదాకా వేలాడేలా వేయండి. మిగతాది వీపు మీదుగా కుడి చంక కిందనుంచి పొట్ట ముందుకి తెచ్చి, చివరని ఎడమ ముంజేతి మీద వేయండి. కుడి భుజం మీద గుడ్డ పడకూడదు. భుజం దగ్గర ఒకటి, నడుం దగ్గర రెండు పిన్నీసులు లోపలివైపు నుంచి పెట్టండి.

ఓపికుంటే అంచు మీద పని చేయొచ్చు. ఒలింపియాలో క్రీస్తుపూర్వం 435 ప్రాంతంలో ఫిడియాస్ అనే శిల్పి బంగారంతో, ఏనుగు దంతంతో జియస్ విగ్రహం చేశాడు. కూర్చున్న విగ్రహమే దాదాపు 12 మీటర్లు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో అదొకటి. ఇప్పుడది లేదు గానీ, దాని బట్ట మీద జంతువుల బొమ్మలూ లిల్లీ పూలూ ఉండేవని ఆనాడు చూసినవాళ్ళు రాసిపెట్టారు. కుట్టుపని వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? నేను గోల్డ్ పెయింటుతో లిల్లీలు వేస్తాను. జంతువుల జోలికి పోను, నేను సింహం వేస్తే కుక్కలా వస్తుంది. ఆ విగ్రహానికి బంగారు చెప్పులు కూడా ఉండేవి, అందుకని పాత శాండిల్స్‌కి గోల్డ్ స్ప్రే కొట్టండి. "దేవుడి వేషానికి చెప్పులేంటమ్మా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ళ దేవుడు వేసుకుంటాడని చెప్పండి.

గడ్డానికి దూది వాడకండి, క్రిస్మస్ తాత అయిపోతాడు. గ్రీకుల పాత కుండల మీద జియస్ గడ్డం నల్లగానే ఉంటుంది. మన దగ్గర కొబ్బరి డొక్కలకి కొదవేముంది! నీళ్ళలో నానేసి, కర్రతో చితక్కొట్టి, పీచు లాగి, బాగా కడిగి, దువ్వెనతో దువ్వండి. తడి మీదే పెన్సిలుకి చుట్టి ఎండబెడితే కాస్త వంకీలు తిరుగుతుంది. పాత దోమతెర ముక్కని రెండు మడతలు పెట్టి దాని మీద కుట్టి, చెవులకి ఎలాస్టిక్ పెట్టండి. గమ్ముతో మాత్రం అంటించకండి. ఒక పిల్లాడి బుగ్గలు రెండు రోజులు ఎర్రగా ఉండిపోయాయి, వాళ్ళమ్మకి నేను మొహం చూపించలేకపోయాను.

తలకి ఆలివ్ ఆకుల దండ. దానిమ్మ ఆకులు దగ్గరగా ఉంటాయి. గన్నేరు ఆకు ఇంకా బాగా కుదురుతుంది గానీ అది విషం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, వద్దు.

ఇక పిడుగు. కరెంటు స్తంభం మీద డేంజర్ బోర్డులో గీసే వంకరటింకర మెరుపుని అట్టతో కత్తిరించి ఇస్తుంటారు. గ్రీకుల బొమ్మల్లో ఎక్కువగా అలా ఉండదు. రెండు అరటిపువ్వుల్ని తొడిమకి తొడిమ ఆనించినట్టు, మధ్యలో పిడి, రెండు వైపులా మంటలు. మన వజ్రాయుధానికి చుట్టమే. పాత పేపర్లు ఉండలు చుట్టి, మైదా జిగురుతో పొరలు పొరలుగా అరటిపువ్వు ఆకారం తెచ్చి, రెండు రోజులు ఎండబెట్టి రంగేయండి. నిజం అరటిపువ్వులు కట్టారో, చొక్కాల మీద మరకలు వదలవు.

నిలబడడం కూడా నేర్పాలి. గ్రీసులో ఆర్టెమిసియన్ దగ్గర సముద్రంలోంచి 1928లో పైకి తీసిన కంచు విగ్రహం ఒకటుంది. ఎడమ చెయ్యి ముందుకి చాచి, కుడి చెయ్యి వెనక్కి ఎత్తి, ఈటె విసరబోయేవాడిలా నిలబడి ఉంటుంది. అది జియసా, సముద్రదేవుడు పోసిడానా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. మనకి ఆ భంగిమ చాలు.

నిమిషం మాటలకి పుట్టుక కథే చెప్పించండి. పెళ్ళాలూ ప్రేమాయణాలూ బోలెడున్నాయి, హెడ్మాస్టరు ముందు అవి వద్దు. తండ్రి క్రోనస్ తన పిల్లలే తనని గద్దె దింపుతారని విని, పుట్టినవాళ్ళని పుట్టినట్టే మింగేస్తాడు. కంసుడైనా చంపింది చెల్లెలి పిల్లల్ని, ఇక్కడ కన్నతండ్రే. ఆరోవాడు జియస్ పుట్టగానే తల్లి రియా ఒక రాయికి పొత్తిగుడ్డ చుట్టి ఇస్తే అదీ మింగేశాడు. పిల్లాడు క్రీట్ దీవిలో మేకపాలతో పెరిగాడు. ఏడుపు తండ్రికి వినబడకుండా కాపలావాళ్ళు డాళ్ళు మోగించేవారు. ఇక్కడ తెర వెనక నలుగురు పిల్లలతో కంచాలు కొట్టించండి, చప్పట్లు ఆగవు. తర్వాత తండ్రి చేత అక్కల్నీ అన్నల్నీ కక్కించి, పదేళ్ళు యుద్ధం చేసి గెలిచి, కొబ్బరితోట పంపకాలకి చీట్లు తీసినట్టు అన్నదమ్ములు ముగ్గురూ చీట్లు తీశారు. పోసిడాన్‌కి సముద్రం, హేడిస్‌కి పాతాళం, మనవాడికి ఆకాశం.

పరాయి దేవుడి వేషం మనకెందుకని ఎవరైనా అంటే, మా వీధి సంస్కృతం మాస్టారు నాకు చెప్పిన ముక్క అప్పజెప్పండి. ఋగ్వేదంలో ఆకాశాన్ని తండ్రిగా పిలిచే ద్యౌఃపితా, జియస్, రోమన్ల జూపిటర్, మూడు పేర్లదీ ఒకటే మూలం.

పిల్లాడు స్టేజీ దిగగానే పిడుగు లాగేసుకోండి. కిందటేడాది నేను కుట్టుకూలి లెక్క చూసుకునే లోపే దాంతో భీముడి వేషగాడిని నెత్తి మీద మొత్తాడు.