ఇంగ్లండులో పెరిగిన చుట్టానికి విశాఖ వంటింట్లో చిన్ననాటి భోజనం వండి పెట్టడం ఎలా?

విశాఖపట్నంలో 1923లో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకొని, 1960లలోను 70లలోను బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉద్యోగాలకు వెళ్లి అక్కడే స్థిరపడిన వైద్యులు చాలామంది ఉన్నారు. వారి పిల్లలు ఇంట్లో పప్పు, చారు, పెరుగన్నం తింటూనే, మధ్యాహ్నం బడిలోను, సాయంత్రాలు స్నేహితుల ఇళ్లలోను అక్కడి సామాన్య కుటుంబాల భోజనం తిని పెరిగారు. ఇప్పుడు ఆ పిల్లలకే యాభై, అరవై ఏళ్లు వచ్చాయి. సెలవులకు పెద్దనాన్నగారి ఇంటికో మేనత్త ఇంటికో వచ్చి, కొన్నాళ్లు మన వంటలు ఇష్టంగా తిన్న తరువాత, చిన్నప్పటి షెపర్డ్స్ పై (కీమా మీద మెదిపిన దుంప పరచి కాల్చే వంటకం) గురించో వేడి కస్టర్డ్ గురించో మాట్లాడటం మొదలుపెడతారు. అటువంటి చుట్టానికి ఒకటి రెండు పూటలు ఆ భోజనం వండి పెట్టాలనుకునే వారి కోసం ఈ వివరణ.

వంటకు ముందు అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. "నీకేం ఇష్టం నాన్నా?" అని అడిగితే "ఏదైనా ఫరవాలేదు అత్తా" అన్న జవాబే వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఏం వండేవారు, మిగిలినది సోమవారం ఏమయ్యేది, బడిలో ఏ పదార్థం కనిపిస్తే పారిపోవాలనిపించేది అని అడిగితే మాత్రం గంటసేపు చెబుతారు. అక్కడి ఇంటి వంట వారాన్ని బట్టి నడిచేది. ఆదివారం పెద్ద మాంసపు ముక్కను ఓవెన్‌లో కాల్చి, కాల్చిన బంగాళాదుంపలు, ఉడికించిన కూరగాయలు, గ్రేవీతో తినేవారు. సోమవారం బట్టలు ఉతికే రోజు కాబట్టి మిగిలిన మాంసాన్ని చల్లగానే కోసుకొని, మిగిలిన దుంపలనూ క్యాబేజీనూ కలిపి పెనం మీద వేయించుకునేవారు. ఇంకా మిగిలితే దానిని సన్నగా తరిగి మంగళవారం షెపర్డ్స్ పై చేసేవారు. శుక్రవారం చేప. 1940 జనవరి 8న మొదలైన రేషను 1954 జూలై 4న మాంసంపై ఆంక్షలు తొలగేవరకు సాగింది. ఆ పద్నాలుగేళ్లు సంసారం నడిపిన తల్లుల పొదుపు తరువాతి తరం వంటలోనూ నిలిచిపోయింది. అందువల్ల ఒకే పూట అయిదారు వంటకాలు పేర్చి విందు చేయడం కంటే, ఆదివారం ఒకటి వండి, దానిలో మిగిలినదానితో మరునాడు ఇంకొకటి చేయడమే ఆ భోజనానికి దగ్గరగా ఉంటుంది.

రెండో నియమం మన చేతికి కష్టమైనది. ఈ వంటను బాగుచేయాలని చూడకండి. ఉప్పు, మిరియాల పొడి, జాజికాయ, పుదీనా, ఆవపిండి ముద్ద, వెనిగర్ చాలు. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, కరివేపాకు ఆ పూటకు డబ్బాలోనే ఉండాలి. మీ నాలుకకు చప్పగా తోచిందంటే అతిథికి సరిగ్గా కుదిరిందని లెక్క. మిగతా ఇంటివారి కోసం ఆవకాయ జాడీ బల్ల మీద ఉంచండి. అతిథే ముందుగా దానివైపు చేయి చాస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

సగం వంట బంగాళాదుంప మీదే ఆధారపడి ఉంటుంది కనుక దానిని ఎంచుకోవడంలో శ్రద్ధ వహించాలి. గోటితో గీకితే తొక్క ఊడివచ్చే కొత్త దుంపలలో నీరు ఎక్కువగా ఉంటుంది. వాటిని మెదిపితే జిగురుగా సాగుతాయి, వేయిస్తే మెత్తబడతాయి. రైతు బజారులో కొనేటప్పుడు తొక్క గట్టిపడి, పొడిగా, మట్టి రంగులో ఉన్న ముదురు దుంపలను ఏరుకోండి. శీతల గిడ్డంగి నుంచి వచ్చిన దుంపలలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారి ఉంటుంది. వాటిని వెంటనే వేయిస్తే లోపల ఉడకకముందే పైన నల్లబడతాయి. వాటిని వారం పదిరోజులు వెలుతురు పడని చోట బయటే ఉంచితే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. దుంపలను ఫ్రిజ్‌లో పెట్టవద్దని చెప్పడానికీ ఇదే కారణం.

షెపర్డ్స్ పై నలుగురికి సరిపోవాలంటే అర కిలో మటన్ కీమా, 800 గ్రాముల దుంపలు కావాలి. ఇంగ్లండులో దీనికి గొర్రె మాంసం వాడతారు. మన దగ్గర దొరికే మేక మాంసంలో కొవ్వు తక్కువ కనుక, పూర్ణా మార్కెట్‌లోనో మీకు అలవాటైన దుకాణంలోనో గొర్రె మాంసమే కావాలని అడిగి, కొంచెం కొవ్వు ఉంచి కొట్టమనండి. పెద్ద ఉల్లిపాయ ఒకటి, క్యారెట్లు రెండు చిన్న ముక్కలుగా తరిగి, వెన్నలో రంగు మారకుండా మెత్తబడేవరకు వేయించి, కీమా వేసి ముద్దలు విడిపోయేలా కలపాలి. తడి ఆరి కీమా గోధుమ రంగుకు తిరిగాక ఒక పెద్ద చెంచా మైదా చల్లి, 300 మిల్లీలీటర్ల ఎముకల రసమో వేడినీరో పోసి, ఉప్పు, మిరియాల పొడి వేసి సన్నని సెగమీద ముప్పావుగంట మగ్గనివ్వాలి. ఇందులో వోర్స్టర్‌షైర్ సాస్ కొన్ని చుక్కలు వేయడం అక్కడి అలవాటు. ఆ సాస్‌లో చింతపండు, ఉప్పులో ఊరిన నెత్తళ్లు ఉంటాయన్న సంగతి విశాఖవాసులకు సంతోషం కలిగించేదే అయినా, ఆ సాకుతో ఎండు నెత్తళ్లు వేయకండి. సాస్ దొరకకపోతే అర చెంచా చింతపండు గుజ్జు, కాస్త సోయా సాస్ కలిపితే సరిపోతుంది. చివరికి కీమా చెంచా మీద నిలిచేంత చిక్కగా ఉండాలి. పలుచగా ఉంటే పైన వేసిన దుంప లోపలికి కుంగిపోతుంది.

దుంపలను ఉప్పునీటిలో ఉడికించి, నీరు వంచి, ఖాళీ గిన్నెలోనే ఒక నిమిషం సెగ చూపించి తడి ఆర్చాలి. ఆ తరువాత 50 గ్రాముల వెన్న, పావు కప్పు వేడి పాలు పోసి చేతితోనే మెదపాలి. మిక్సీలో వేస్తే బంకలా తయారవుతుంది. కీమాను లోతైన పళ్లెంలో పరచి, చల్లారాక దానిపై దుంప ముద్దను పరచి, ఫోర్క్‌తో గీతలు గీయాలి. ఆ గీతల అంచులే మాడి కరకరలాడతాయి, పిల్లలు పోట్లాడుకునేది ఆ అంచుల కోసమే. 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో అరగంట ఉంచితే పై తయారవుతుంది. ఓవెన్ లేని ఇంట్లో దుంప ముద్దను వెడల్పాటి బిళ్లలుగా తట్టి, ఇనుప పెనం మీద వెన్నతో ఒకవైపు ఎర్రగా కాల్చి, ఎర్రని వైపు పైకి వచ్చేలా వేడి కీమాపై పేర్చవచ్చు. చూడటానికి తేడాగా ఉన్నా తినేటప్పుడు ఆ తేడా అంతగా తెలియదు. పక్కన ఉడికించిన బఠాణీలు చాలు. బడి భోజనమే కావాలని అతిథి పట్టుబడితే క్యాబేజీని అవసరానికి మించి పావుగంట ఎక్కువ ఉడికించండి. 1944 విద్యా చట్టం తరువాత ఇంగ్లండు, వేల్స్ ప్రభుత్వ బడులలో స్థిరపడిన ఆ మధ్యాహ్న భోజనాన్ని తిన్నవారు దాని వాసనను ఇట్టే గుర్తుపడతారు.

ఇక పిండిలో ముంచి వేయించిన చేప, వేయించిన దుంప ముక్కలు కలిసిన ఫిష్ అండ్ చిప్స్. చేపల విషయంలో విశాఖకు లోటు లేదు, ఒక్క వేట నిషేధ కాలంలో తప్ప. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలు సముద్రంలోకి వెళ్లవు కనుక ఆ రెండు నెలలు చెరువుల్లో పెంచిన పండుగప్ప తెచ్చుకోవడం మేలు. మిగతా రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో కోనాం దొరుకుతుంది గానీ, దాని మాంసం గట్టిగా ఉంటుంది. అక్కడి కాడ్ చేప రేకులు రేకులుగా విడిపోతుంది కాబట్టి ఏ కాలంలోనైనా పండుగప్పకే నా ఓటు. ముల్లు, తోలు తీయించి, అరచేతి వెడల్పు ముక్కలను గుడ్డతో బాగా అద్ది, పొడి మైదా పట్టించాలి. 150 గ్రాముల మైదా, చెంచా బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సోడా సుమారు 200 మిల్లీలీటర్లు పోసి, నూనె కాగిన తరువాతే పిండి కలిపి, చేప ముక్కలను అందులో ముంచి వెంటనే వేయించాలి. మన ఉక్కలో ముందుగా కలిపి ఉంచిన పిండి వేడెక్కి, సోడాలోని గాలి పోయి, పైపొర మందంగా వస్తుంది. ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు దుకాణాల్లో పశువుల కొవ్వులో వేయించేవారు, మనకు వేరుశెనగ నూనె చక్కగా పనిచేస్తుంది. వేలి మందం దుంప ముక్కలను ముందు తక్కువ వేడిలో రంగు రాకుండా ఉడికేవరకు వేయించి తీసి, చల్లారాక బాగా కాగిన నూనెలో మళ్లీ వేయించాలి. తోడుగా మెదిపిన బఠాణీలు కావాలంటే పచ్చరంగు ఎండు బఠాణీని చిటికెడు వంటసోడాతో రాత్రంతా నానబెట్టి, కడిగి ఉడికించండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కూడా ఈ చేపలకు, చిప్స్‌కు రేషను పెట్టలేదు. అక్కడివారికి వీటి మీద ఉన్న మమకారానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

టోస్టు మీద వేసుకునే వేడి బేక్డ్ బీన్స్‌కు (టమాటా రసంలో ఉడికిన డబ్బా చిక్కుడు గింజలు) చెప్పవలసినది పెద్దగా లేదు. డబ్బా కొని, వేడి చేసి, ఉల్లిపాయ వేయకుండా వడ్డించడమే.

తీపి పదార్థాలలో కస్టర్డ్ మనకు కొత్త కాదు, అయితే మన ఇళ్లలో దానిని చల్లార్చి పండ్ల ముక్కలతో తింటాం. వారిది పొగలు కక్కుతూ గిన్నెలోంచి కేకు మీదో ఉడికించిన ఆపిల్ మీదో పోసుకునేది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ వ్యాపారి, గుడ్డు పడని తన భార్య కోసం మొక్కజొన్న పిండితో చేసిన పొడి ఇది. కాబట్టి గుడ్డు తినని ఇంటివారు కూడా నిశ్చింతగా వండుకోవచ్చు. అర లీటరు పాలకు రెండు పెద్ద చెంచాల పొడి, అంతే చక్కెర వేసి, జారుగా ఉన్నప్పుడే దించండి.

బ్రెడ్ అండ్ బటర్ పుడ్డింగ్‌కు నిన్నటి ఎండిన రొట్టె కావాలి. విశాఖ సముద్రపు గాలిలో రొట్టె ఎండకముందే బూజు పడుతుంది కనుక, ముక్కలను పెనం మీద నూనె లేకుండా కాస్త ఆరబెట్టుకోవడం మంచిది. మన బేకరీల మిల్క్ బ్రెడ్ తియ్యగా ఉంటుంది, దానితో చేస్తే చక్కెర సగానికి తగ్గించాలి. ఎనిమిది ముక్కలకు వెన్న రాసి, కిస్‌మిస్ చల్లి పేర్చి, 400 మిల్లీలీటర్ల పాలలో రెండు గుడ్లు, చక్కెర గిలకొట్టి పోసి, అరగంట నానిన తరువాత జాజికాయ గీకి, 180 డిగ్రీల వేడిలో 35 నిమిషాలు కాల్చాలి.

పొయ్యి మీదే అయిపోయే పుడ్డింగ్ కావాలంటే బొంబాయి రవ్వ ఉంది. వేయించని రవ్వ 60 గ్రాములు, పాలు 600 మిల్లీలీటర్లు, చక్కెర రెండు చెంచాలు వేసి, సన్నని సెగమీద కలుపుతూ పది నిమిషాలు ఉడికించండి. నెయ్యి, యాలకులు, జీడిపప్పు జోలికి వెళ్లవద్దు. లోతైన గిన్నెలో వడ్డించి, నడుమ ఒక చెంచా ఎర్రని జామ్ పెట్టి, కలపకుండా అతిథి ముందుంచండి. జామ్ మొత్తం కలిపి గులాబీ రంగు చేసుకోవాలా, అంచుల నుంచి తింటూ జామ్‌ను చివరికి మిగుల్చుకోవాలా అన్నది ఎవరి అలవాటు వారిది.