బోటంత సొర వలలో పడితే

కొత్తపట్నం, పాకల నుంచి జువ్వలదిన్నె, ఇస్కపల్లి దాకా వేటకెళ్లే ఫైబర్ బోట్లకు, మరబోట్లకు పనికొచ్చే సంగతి ఇది. ముందు పడిందేదో చూడండి. తోక నిలువుగా ఉంటే సొర, అడ్డంగా పరుచుకుంటే తిమింగలం. వెడల్పాటి బల్లపరుపు మూతి, దాని కొసనే నోరు, వీపు నిండా తెల్లమచ్చలు, పక్కల పొడుగ్గా గట్లు ఉంటే అది తిమింగల సొర. 18 మీటర్ల దాకా పెరుగుతుంది, దాదాపు రెండు కిలోమీటర్ల లోతుకు దిగుతుంది. మనిషి జోలికి రాదు, చిన్న రొయ్యలు, చేపపిల్లల్ని నీళ్లలోంచి వడగట్టుకు తింటుంది. 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే జైలే.

ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టండి, నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యాను తగిలితే సొరకీ గాయం, వలా చుట్టుకుంటుంది. ఎవరూ నీళ్లలో దిగొద్దు. భయపడాల్సింది దాని కోపానికి కాదు, తోక దెబ్బకి. ఒక్క విసురుకు మనిషి బోటులోంచి ఎగిరిపడతాడు. అందుకే తల వైపునే ఉండండి.

మొన కత్తి వద్దు. కొడవలిని వెదురుకర్రకు బిగించి, వంపు బయటికి లాగేలా కోయండి. మొదట మొప్పల మీది వల, తర్వాత పక్క రెక్కలది, చివర తోకది. తోక ముందు వదిలితే మిగతా వలతో ముందుకు ఉరికి మరింత బిగుసుకుంటుంది. వలను తేల్చే బెండు తాడు కూడా తెంచాల్సొస్తే తెంచండి, వల ఖరీదు చూసుకుని ఆలస్యం చేస్తే వలా, సొరా రెండూ పోతాయి. గుజరాత్‌లో కోసిన వలకు అటవీశాఖ పరిహారం ఇస్తోంది, మనవైపు కూడా అడగడానికి ఫోటోలు పెట్టుకోండి. వంటికి అంటుకున్న వల ముక్క ఒక్కటి కూడా వదలొద్దు.

చాలామంది చేసే తప్పు, తోకకు తాడేసి లాగడం. వెనక్కి లాగితే మొప్పల్లోకి నీరు ఎదురు తిరిగి ఊపిరాడదు, వెన్నూ దెబ్బతింటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చినదాన్ని ట్రాక్టరుతో లాగడమూ అంతే. తల సముద్రం వైపు తిప్పి, మొప్పల మీద నీళ్లు పోస్తూ, పోటు కోసం చూసి నెట్టండి.

మచ్చలు లేకుండా, నల్లగా, మెత్తటి ఒళ్లు, తలకంతా నోరే ఉన్న సొర చచ్చి వస్తే వేరే కథ, అది మెగామౌత్ అనే పెద్దనోటి సొర కావొచ్చు. అలాంటిది లోకానికి తెలిసిందే 1976లో, హవాయి దగ్గర ఓ నౌకాదళ ఓడ లంగరుకు చిక్కాక. పక్కన తెడ్డు పెట్టి కొలత తెలిసేలా నోరు, పక్క, తోక ఫోటోలు తీసి, విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన కేంద్రానికి పంపండి. ముక్కలు చేసేముందు.