బ్యాక్‌ప్యాక్ లీఫ్ బ్లోయర్ కొనే ముందు జాగ్రత్తలు

అమెరికాలో అక్టోబర్ వచ్చిందంటే లాన్ పని చేసేవాళ్లకు ఆకులతోనే సరిపోతుంది. ఆ ఆకుల్ని గాలితో ఊది తోసే, వీపుకి తగిలించుకునే మిషనే బ్యాక్‌ప్యాక్ లీఫ్ బ్లోయర్. డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• ముందు మీ ఊరి రూల్స్. వాషింగ్టన్ డీసీలో 2022 జనవరి నుంచి పెట్రోల్ బ్లోయర్ వాడటమే నిషేధం. అలాంటి చోట బ్యాటరీదే దిక్కు.

• షాపులోనే వీపుకి తగిలించుకోండి. ట్యాంకు నిండితే చాలా మోడళ్లు 10 కిలోలు దాటుతాయి. నడుం బెల్టు బిగించి, పైపు పట్టుకుని, ఓ పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. చవగ్గా వచ్చిందని నేను బెల్టు లేనిది కొన్నాను. సాయంత్రానికి రెండు భుజాల మీదా పట్టీల వాతలు తేలాయి, మర్నాడు చొక్కా వేసుకోవడమే గండమైంది.

• డబ్బా మీద ఎంపీహెచ్ చూసి మురిసిపోకండి. అది గాలి వేగం. తడిసి నేలకు అంటుకున్న ఆకుల్ని లేపుతుంది. కుప్పను ముందుకు తోసేది సీఎఫ్ఎం, అంటే గాలి పరిమాణం. పెద్ద లాన్లకు నా ఓటు దీనికే.

• టూ-స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిల్ కలపాలి. చాలావాటికి 50:1, అంటే లీటరుకు 20 మి.లీ. మాన్యువల్ చూసి కలపండి. ఉత్త పెట్రోల్ పోశారో, ఇంజన్ పట్టేస్తుంది.

• చెవులకు మఫ్స్, కళ్లద్దాలు, దుమ్ముకు మాస్క్. వీటి ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

• రిపేరు షాపు దగ్గర్లో ఉందా? సీజన్ మధ్యలో మిషన్ ఆగితే అసలు టెన్షన్ అప్పుడే.