రోకలి పాఠం అయ్యాక పిల్లలు ఆలోచనలో పడకపోతే

గ్రహణం రోజున పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టడం, గ్రహణం పట్టింది కాబట్టే అది నిలబడిందనుకోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. అదే రోకలిని ఏ గ్రహణమూ లేని మంగళవారం ఆరో తరగతిలో నిలబెట్టి చూపిస్తే మంచి పాఠం. కానీ ఆ తర్వాతి పది నిమిషాలు సరిగ్గా వాడుకోకపోతే పిల్లలకు అది గారడీలాగే మిగిలిపోతుంది.

ముందుగా, రోకలే నిలబడకపోతే

నేల వాలుగా ఉండి ఉంటుంది, లేదా పొన్ను (రోకలి కొనకు తొడిగే ఇనుప కట్టు) అడుగు అరిగి గుండ్రబడి ఉంటుంది. చదునైన అడుగున్న రోకలి తెచ్చుకోండి. గరిమనాభి (రోకలి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు పనిచేసే బిందువు) నుంచి నిలువుగా దించిన గీత ఆ అడుగు లోపల పడినంతసేపే అది నిలబడుతుంది. అందుకే రెండు చేతులతో పట్టి మెల్లగా వదలాలి. 10 సార్లు ప్రయత్నించి, పడినవీ నిలబడినవీ బోర్డు మీద రాయండి. బరువైన కర్ర కదా, పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి.

సమస్య: "ఏం అర్థమైంది?" అంటే "బాగుంది టీచర్" అని ఊరుకుంటారు

కారణం: ప్రశ్న మరీ పెద్దది. పైగా రోకలి నిలబడగానే చాలామందికి "నాకు ముందే తెలుసు" అనిపిస్తుంది. వాళ్లు అబద్ధమాడటం లేదు, జ్ఞాపకం అలాగే సర్దుకుంటుంది. పాత ఆలోచన చేతిలో లేకపోతే దేనితో పోల్చుకుంటారు?

పరిష్కారం: రోకలి ముట్టుకోకముందే తలా ఒక చీటీ ఇచ్చి "ఇవాళ నిలబడుతుందా? ఎందుకు?" అన్నదానికి జవాబు రాయించండి. ప్రయోగం అయ్యాక చీటీ వెనక "మొదట ఇలా అనుకున్నాను, ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను, ఇది చూశాక మారాను" అని రాయమనండి. మారనివాళ్లు మారలేదనే రాయాలి. నోటితో అడిగేటప్పుడు కనీసం 3 సెకన్లు ఆగండి. మామూలుగా టీచర్లు ఒక్క సెకను దాకానే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల్లో గమనించారు.

సమస్య: అందరి పుస్తకాల్లో ఒకటే వాక్యం

మీ ముగింపు బోర్డు మీద ఉండిపోయింది, లేదా ఎర్ర పెన్ను భయం. బోర్డు తుడిచి, 3 నిమిషాలు మౌనంగా రాయనివ్వండి. అక్షర దోషాలు దిద్దకండి. కింద ఒక ప్రశ్న మాత్రం రాయండి. చదివించడం వెనక బెంచీ నుంచి మొదలుపెట్టండి.

సమస్య: ఇంటికెళ్లి నానమ్మతో గొడవ

పాఠాన్ని గెలవడానికి ఆయుధంగా తీసుకున్నారు. "నానమ్మా, రేపు కూడా నిలబెట్టి చూద్దామా?" అనే మాటను తరగతిలోనే ఇద్దరిద్దరి చేత అభినయింపజేయండి.

సమస్య: "గ్రహణం గురించి చెప్పేవన్నీ అబద్ధాలే" అంటారు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మీరు చూపిన ఉదాహరణలన్నీ తప్పుడువే కావడం వల్ల వస్తుంది. పాఠంలో నిజాన్నీ కలపండి. మూడు మాటలు బోర్డు మీద రాయండి: గ్రహణం రోజే రోకలి నిలబడుతుంది. గ్రహణం వేళ అన్నం విషమవుతుంది. సూర్యగ్రహణాన్ని నేరుగా చూస్తే కళ్లు దెబ్బతింటాయి.

ఒక్కోదానికి "దీన్ని మనమే పరీక్షించవచ్చా, తెలిసినవాళ్లను అడగాలా?" అని రాయించండి. మొదటిది ఇప్పుడే చూశాం. రెండోదానికి ఒకేలా వండిన అన్నాన్ని గ్రహణం రోజు, మామూలు రోజు అన్నే గంటలు ఉంచి వాసన, జిగురు పోల్చవచ్చు. మూడోది మాత్రం కంటి మీద పరీక్షించకూడదు, ఎందుకంటే అది నిజం. కంటి లోపలి తెర అయిన రెటీనాకు నొప్పి తెలియదు, కాబట్టి కాలుతున్నప్పుడు పిల్లవాడికి తెలియనే తెలియదు. ఎక్స్‌రే ఫిల్మ్, చలువ కళ్లద్దాలు పనికిరావు. సూర్యుణ్ని చూసే కళ్లద్దాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-2కు తగినవే వాడాలి. లేదంటే అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, సూర్యుడికి వీపు పెట్టి, తెల్లకాగితం మీద పడే బొమ్మను చూడాలి.

చీటీలు దాచి, రెండు వారాల తర్వాత మళ్లీ చదివించండి. "ఈ మధ్యలో ఇంకెక్కడైనా ఇలా అడిగావా?" అన్న ప్రశ్నకు జవాబులు ఎక్కువగా అప్పుడే వస్తాయి.