ఆన్‌లైన్ వేలంలో పాత కారు, 3వ పాఠం: యార్డులో చూడాల్సినవి, కాగితం మీద రాసుకోవాల్సిన అంకె

బ్యాంకులు స్వాధీనం చేసుకున్న బండ్లలాంటివి ఆన్‌లైన్ వేలంలో కొనడం గురించి చెప్పుకుంటున్నాం, పోయిన పాఠంలో వేలం సైట్‌లో రిజిస్ట్రేషన్, కేవైసీ, ధరావతు కట్టడం దాకా వచ్చాం. ధరావతు కట్టగానే చాలామందికి చెయ్యి ఆగదు, ఆ సాయంత్రమే ఏదో ఒక బండికి పాడేద్దాం అనిపిస్తుంది. దయచేసి ఆగండి. ఈ పాఠం మొత్తం పాటకు ముందు రోజు గురించే.

మన టంగుటూరులోనో కందుకూరులోనో పొగాకు వేలం జరిగేటప్పుడు ఒకసారి నిలబడి చూడండి. కొనేవాళ్లు బేలులోకి చెయ్యి పెట్టి ఆకు లాగుతారు, రంగు చూస్తారు, పదును చూస్తారు, ఆ తర్వాతే రేటు. ఒక్క బేలుకే అంత చూసుకుంటుంటే రెండు మూడు లక్షల కారును ఫోన్లో ఎనిమిది ఫొటోలు చూసి పాడటం ఏం పద్ధతి?

నేను 2016లో చేసింది అదే. 2015 డిసెంబర్ చెన్నై వరదలు అయిపోయి కొన్ని నెలలే అయింది, తమిళనాడు నంబరు స్విఫ్ట్ ఒకటి వేలానికి వచ్చింది, ఫొటోల్లో తళతళలాడుతోంది, రేటు మన ఊరి కంటే బాగా తక్కువ. బండి నిలిపి ఉంచిన యార్డుకు పోకుండానే పాడాను, వచ్చింది. నెల్లూరు తోలుకొస్తుంటే నాయుడుపేట దాటాక మీటర్ బోర్డులో లైట్లన్నీ ఒక్కసారి వెలిగి బండి ఆగిపోయింది. మా కావలి మెకానిక్ అన్న బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాడు. రోజూ మనం పెట్టుకునే భాగం నల్లగా, శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మాత్రం బురద రంగులో గట్టిపడి, మధ్యలో అడ్డంగా చెరువు గట్టు మీద నీటి గీతలాగా ఒక గీత. 'సామీ, నీళ్లు ఇక్కడిదాకా వచ్చినాయి' అన్నాడు. వైరింగ్‌కూ, ఈసీఎంకూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కలిపి 70 వేలు అయింది. ఎవరినీ అడగడానికి లేదు, ఎందుకంటే ఈ వేలాల్లో 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలానే' అనే షరతుకు ఒప్పుకున్నాకే పాట పాడనిస్తారు.

అందుకని యార్డులో మొదట చూడాల్సింది బెల్టు. నాలుగు బెల్టులూ చివరికంటా లాగండి. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో వేలితో రుద్దండి, సన్నటి ఒండ్రు తగులుతుందేమో. ముందు సీట్ల కింద పట్టాలకు ఉండే బోల్టులు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడండి, హెడ్‌లైట్ అద్దం లోపల చెమ్మ ఉందేమో కూడా. కార్పెట్లు ఉతికిస్తారు, సీట్లు ఉతికిస్తారు, ఈ మూలలు మాత్రం ఉతికేవాళ్లు తక్కువ. మన దగ్గరికి వచ్చే చవక బండ్లలో చెన్నై వైపువి చాలా ఉంటాయి, అక్కడ 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు కూడా వీధులు మునిగాయి, కాబట్టి ఇది పాత కథ అనుకోవద్దు.

స్టార్ట్ చేయనిచ్చినా చాలా యార్డుల్లో తోలనివ్వరు. బ్యాటరీ డౌన్ అయిపోయి ఉండటం మామూలే. అప్పుడు ఇంజిన్ ఆయిల్ మూత తీసి చూడండి, లోపల పాలు కలిపిన కాఫీ రంగు నురగ కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట, ఆ బండిని వదిలేయండి. కిలోమీటర్లు 40 వేలు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే మీటరును నమ్మకండి, పెడల్‌ను నమ్మండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఛాసిస్ నంబరు మీ కళ్లతో చదివి ఆర్‌సీలోని నంబరుతో పోల్చండి, ఒక్క అంకె తేడా ఉన్నా వెనక్కి వచ్చేయండి. కేంద్ర రవాణా శాఖ వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఏ ఫైనాన్స్ పేరు ఉంది అని చూసుకోండి. పాత చలాన్లు కూడా చూడండి, అవి ఎవరు కట్టాలో వేలం షరతుల్లోనే రాసి ఉంటుంది.

ఇక అంకె, అంటే ఎంత దాకా పాడి ఆగిపోవాలో ఆ అంకె. ఇది యార్డు గేటు దగ్గర, బండి కళ్ల ముందు ఉండగానే రాయాలి. నేను ఈమధ్య ఒక తమిళనాడు స్విఫ్ట్‌కు వేసిన లెక్క చెబుతాను. అదే సంవత్సరం, అదే మోడల్ నెల్లూరులో 4,10,000కి దొరుకుతోంది. టైర్లు, బ్యాటరీ, క్లచ్, కొంచెం డెంటింగ్ కలిపి 48,000. వేలం కంపెనీ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, యార్డు పార్కింగ్, లారీ మీద తేవడం, ఇన్సూరెన్స్, అంతా 32,000. తమిళనాడు రవాణా ఆఫీసు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఆంధ్రాలో మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్, ట్రాన్స్‌ఫర్ ఖర్చు కలిపి నా బండికి 35,000 వేసుకున్నాను, మీ బండి వయసును బట్టి ట్యాక్స్ మారుతుంది, రవాణా ఆఫీసులో కనుక్కుని వేసుకోండి. కనపడని రిపేర్లకు 30,000. మొత్తం 1,45,000, తీసేస్తే 2,65,000. ఇంత తిప్పలు పడి, గ్యారంటీ లేని బండి తెచ్చుకుంటున్నందుకు ఇంకో 25,000 అయినా మిగలాలి కదా, అదీ తీసేశాను. 2,40,000 వచ్చింది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మా ఆవిడకు చూపించి, ల్యాప్‌టాప్ పక్కన అతికించాను.

ఇంట్లో ఇంకొకరికి చూపించమని ఊరికే చెప్పడం లేదు. పాట ముగియడానికి ఒక నిమిషం ఉందనగా ఎవరో ఒకరు పాడతారు, చాలా సైట్లలో వెంటనే టైమ్ ఇంకొన్ని నిమిషాలు పెరుగుతుంది, మళ్లీ మీరు, మళ్లీ అవతలివాళ్లు, ఒక్కో మెట్టు రెండు మూడు వేలే కాబట్టి పెద్దగా అనిపించదు, గుండె దడదడలాడుతుంటుంది, ఈ టెన్షన్‌లో యాభై వేలు ఎప్పుడు దాటిపోయామో తెలియదు. ఆ బండి 2,38,000 దగ్గర నా చేతిలో ఉంది, తర్వాత 2,41,000 అని కనిపించింది. మా ఆవిడ కాగితం వైపు వేలు చూపించింది. ల్యాప్‌టాప్ మూసేశాను. పొద్దున చూస్తే 2,93,000కి పోయింది.

ఒకవేళ మీ పాటే పైన నిలిచినా కారు మీదైపోయినట్టు కాదు, దాన్ని వేలానికి పెట్టిన బ్యాంకు ఆ రేటుకు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే ధరావతు వెనక్కి వస్తుంది. ఒప్పుకున్నాక మీరు గడువులోపు డబ్బు కట్టకపోతే మాత్రం ధరావతు పోతుంది. కాబట్టి డబ్బు సిద్ధంగా లేకుండా పాడవద్దు.

వచ్చే పాఠంలో కాగితాలు: బ్యాంకు స్వాధీనం చేసుకున్న బండికి ఫారం 36 ఎందుకు అడగాలి, ప్రభుత్వ వేలంలో కొన్నదానికి ఫారం 32 ఎలా నింపాలి, ఎన్‌వోసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు కట్టవచ్చా అన్నవి చూద్దాం. ఈలోపు మీ ఇంట్లో ఉన్న కారునే యార్డులో బండి అనుకుని బెల్టులు, స్టెప్నీ గుంత, పెడల్, టైరు అంకెలు అన్నీ చూసి, దానికి ఆగే అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.