పేరు తెలియని అపిస్టోగ్రామాను (అక్వేరియంలో పెంచే చిన్న చేపను) గుర్తుపట్టే ముందు జాగ్రత్తలు

తెచ్చిన రోజే పేరు పెట్టెయ్యొద్దు. బెదిరిన చేపకు ఒంటి పక్కన పొడవునా ఉండే గీత మాసిపోయి నిలువు చారలు తేలతాయి. వారం ఆగండి.

రంగును అసలు నమ్మొద్దు. కొన్నిటిలో కనిపించే మంట ఎరుపు చాలావరకు ఫారాల్లో ఏరి పెంచిందే. తోక చూడండి. ఎదిగిన మగచేపకు తోక రెండు కొనలుగా సాగి, వీపు రెక్క ముందు ముళ్లు కుచ్చులా లేస్తే కకటువాయిడెస్ జాతి కావచ్చు. బల్లెం మొనలా ఒకే కొన ఉంటే అగస్సిజీ జాతి వైపు వెతకండి. పిల్లచేపల్లో ఇవేవీ కనపడవు.

ఫొటో పక్కనుంచే, రెక్కలు విప్పినప్పుడు తీయాలి. గాజుకు అద్దం ఒక్క నిమిషం ఆనిస్తే చాలు, మగది పోట్లాటకొచ్చి తనే విప్పుతుంది.

ఆడది ఒక్కటే ఉంటే కష్టమే: గుడ్లు కాసేటప్పుడు చాలా జాతుల్లో పసుపు, నలుపే. ఏ నదిలో పట్టిందో అమ్మినవాళ్లను అడగండి. తేలేదాకా దగ్గరి జాతితో కలపొద్దు, సంకరం పుడుతుంది.